ఎవరి చేతుల మీదుగా?

2024లో ఒక సాయంత్రం, అమెరికాలో ఉంటున్న మా పాత హాస్టల్ స్నేహితురాలి నుంచి మెసేజ్ వచ్చింది. "మాక్రాస్ వచ్చేసిందే! ఇంక దొంగచాటుగా చూడక్కర్లేదు. డబ్బు కట్టి దర్జాగా చూసుకోవచ్చు" అని. నాకు మొదట సంతోషం కలిగింది. పద్నాలుగేళ్ళ కిందట హైదరాబాదులో ఒక హాస్టల్ గదిలో, తలుపు గడియ పెట్టుకుని, ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ పదిమందిమి ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి చూసిన కథ అది. ఆ సంతోషం చల్లారకముందే సిగ్గు వేసింది. ఎందుకు వేసిందో నాకు నేను ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. మరొకరితో చెప్పడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఈ వ్యాసం ఆ చెప్పుకోవడమే.

ముందుగా ఆ కథ గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. మాక్రాస్ జపాన్‌లో పుట్టిన యానిమేషన్ కథల వరస. మొదటి టీవీ సీరియల్ 1982 అక్టోబరులో మొదలై 1983 జూన్‌లో ముగిసింది. మొత్తం 36 భాగాలు. మనిషి లోపల కూర్చుని నడిపే భారీ మరమనుషుల కథల్ని 'మెకా' అంటారు. ఇదీ ఆ కోవలోదే. చూస్తుండగానే మరమనిషిగా మారిపోయే యుద్ధవిమానాన్ని షోజి కవమోరి రూపొందించాడు. పాత్రల బొమ్మలు హరుహికో మికిమోతోవి. దర్శకుడు నొబోరు ఇషిగురో. అయితే మా హాస్టల్ ఆడపిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టింది విమానాలు కాదు. ఈ కథలో యుద్ధాన్ని మలుపు తిప్పేది పాట. యుద్ధం తప్ప మరేమీ తెలియని జెంట్రాడీలు అనే మహాకాయులు, లిన్ మిన్మే అనే చిన్న పిల్ల పాడిన పాట విని నివ్వెరపోతారు. పాడటమనేది ఒకటుంటుందని వాళ్ళకు తెలియదు.

1984 జులైలో ఇదే కథను సినిమాగా మళ్ళీ తీశారు. పేరు 'ఆయ్ ఒబొఎతె ఇమాసు కా'. 'ప్రేమ గుర్తుందా' అని అర్థం. సినిమాలో జెంట్రాడీలు మగవాళ్ళే. ఆడవాళ్ళు మెల్ట్రాండీలనే వేరే సైన్యం. ఈ రెండు జాతుల మధ్య అయిదు లక్షల సంవత్సరాలుగా యుద్ధం. ఆడా మగా ఒకచోట బతకడం అన్నది వాళ్ళ ఊహకే అందదు. వాళ్ళ దగ్గర ఒక ప్రాచీనమైన బాణీ మిగిలి ఉంటుంది గాని దానికి మాటలు ఉండవు. ఆ మాటలు మిసా హయాసె అనే సైనికాధికారిణికి భూమ్మీద శిథిలాల మధ్య దొరుకుతాయి. ఆమె వాటిని అర్థం చేసుకుని, అనువదించి ఇస్తుంది. మిన్మే పాడుతుంది. అంత మహిమ గల పాట ఏమిటా అని చివర్లో అందరికీ సందేహం వస్తుంది. అది మంత్రమూ కాదు, దేవతాస్తుతీ కాదు. ఎప్పుడో ఒక నగరంలో జనం పాడుకున్న మామూలు ప్రేమపాట.

ఒకే మనిషిని ప్రేమించిన ఇద్దరు స్త్రీలు, ఒకరి మాటలు ఒకరి గొంతులో. ముక్కోణపు ప్రేమకథలు మనకు కొత్త కాదు. ఎవరు త్యాగం చేయాలి, ఎవరు గెలవాలి అన్న లెక్క ఇందులోనూ ఉంది. సైన్యం ఒక పిల్ల గొంతును ఆయుధంగా వాడుకోవడంలో ఉన్న హింసను సినిమా పూర్తిగా ప్రశ్నించదు కూడా. అయినా, ఒక స్త్రీ రాత్రంతా కూర్చుని చేసిన అనువాదం మీద లోకం బతకడమన్న ఊహ అప్పటికి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అది నన్ను పట్టుకుంది.

కథ లోపల ఆ పాట రాసినవారెవరో ఎవరికీ తెలియదు. కథ బయట దాన్ని రాసింది కజుమి యసుయి అనే స్త్రీ. బాణీ కట్టింది కజుహికో కతో. పాడింది మిన్మేకి గొంతునిచ్చిన మారి ఇయిజిమా. నేను ఈ సినిమా మీద పరిశోధనా పత్రం రాసినప్పుడు కవమోరి పేరు మూడుసార్లు రాశాను. యసుయి పేరు ఒక్కసారి కూడా రాయలేదు. ఆ సంగతి ఈ వ్యాసం కోసం పాత కాగితాలు తీసినప్పుడు గమనించాను.

*

ఇంత ప్రేమ సంపాదించుకున్న కథ ప్రపంచానికి అందడానికి నలభై ఏళ్ళు ఎందుకు పట్టింది? కారణం తేలికైనదే. ఇంట్లో పంపకాలు సరిగ్గా జరగకపోతే పొలం బీడు పడినట్టు జరిగింది. మొదటి సీరియల్‌ని ఊహించి రూపొందించినవాళ్ళు స్టూడియో నుఎ, బిగ్‌వెస్ట్. యానిమేషన్ పనిలో పాలు పంచుకున్న తత్సునోకో సంస్థకు విదేశీ హక్కులు వచ్చాయి. వాటిని ఆ సంస్థ హార్మనీ గోల్డ్ అనే అమెరికా కంపెనీకి ఇచ్చింది. అమెరికాలో వారానికి అయిదు రోజుల ప్రసారానికి కనీసం 65 భాగాలు కావాలి. మాక్రాస్‌లో ఉన్నవి 36. అందుకని దాన్ని దానితో ఏ సంబంధమూ లేని మరో రెండు జపనీస్ సీరియల్స్‌తో కలిపి కుట్టి, 1985లో 85 భాగాల 'రోబోటెక్'ని తయారు చేశారు. ఆ పని కార్ల్ మేసెక్ ఆధ్వర్యంలో జరిగింది.

ఆ కుట్టుపనిలో హికారు రిక్ అయ్యాడు. మిసా లీసా అయ్యింది. రెండో సీరియల్లోని కథానాయికను మొదటి సీరియల్లోని దంపతులకు కూతుర్ని చేశారు. అన్నిటికన్నా ముఖ్యంగా మిన్మే పాడిన జపనీస్ పాటల్ని తీసేసి ఇంగ్లీషు పాటలు పెట్టారు. గొంతే ప్రాణమైన పాత్రకు గొంతు మార్చారు. అయితే ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. జపాన్ బయట ఎందరో పిల్లలకు యానిమేషన్ అంటే ప్రేమ పుట్టించింది ఆ రోబోటెక్కే. అతుకుల బొంత అయినా చలికి కప్పుకున్నవాళ్ళకు అది వెచ్చగానే ఉంది.

2000 దాటాక తగవు కోర్టుకెక్కింది. పాత్రల, యంత్రాల అసలు రూపాలు బిగ్‌వెస్ట్, స్టూడియో నుఎలవని 2002లో టోక్యో కోర్టు చెప్పింది. 36 భాగాల సీరియల్ మీది హక్కు తత్సునోకోదని 2003లో తీర్పు వచ్చింది. అంటే బొమ్మ ఒకరిది, బొమ్మల ఆట ఒకరిది, ఊరూరా ఆడించే హక్కు వేరొకరిది. ఈ లోపల జపాన్‌లో మాక్రాస్ వంశం పెరుగుతూనే ఉంది. 1994లో 'మాక్రాస్ ప్లస్', 'మాక్రాస్ 7', 2008లో 'మాక్రాస్ ఫ్రాంటియర్', 2016లో 'మాక్రాస్ డెల్టా'. వీటిలో చాలా భాగం బయటి దేశాలకు చట్టబద్ధంగా వచ్చే దారే లేకపోయింది. చివరకు 2021 ఏప్రిల్‌లో బిగ్‌వెస్ట్, హార్మనీ గోల్డ్ రాజీపడినట్టు ప్రకటించాయి. మాక్రాస్ తర్వాతి కథల్లో చాలావాటికి ప్రపంచం దారి తెరుచుకుంది. 41 పాత్రల, యంత్రాల రూపాల మీద జపాన్ బయట హార్మనీ గోల్డ్ హక్కును బిగ్‌వెస్ట్ ఒప్పుకుంది. 2024లో డిస్నీ ప్లస్ ద్వారా ఆ కథలు అనేక దేశాల్లో కనబడ్డాయి.

ఆ ఒప్పందం గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: అభిమానుల నిరీక్షణ ఫలించింది. నేనూ అభిమానినే కాబట్టి ఆ మాట నాకూ వర్తించాలి. కానీ మేము నిరీక్షించలేదు. చూసేశాం. అది మా దాకా ఎలా వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నదే నా ప్రశ్న.

*

2010లో నేను ఎం.ఏ. చదువుతున్నాను. నా రూమ్మేట్ నాకంటే ఏడాది చిన్నది. ఖమ్మం దగ్గర ఒక ఊరి నుంచి వచ్చింది. పది దాకా తెలుగు మీడియం. ఉద్యోగం వస్తుందని ఎవరో చెప్తే జపనీస్ నేర్చుకోవడానికి చేరింది. సాయంత్రం నాలుగు గంటలకు క్లాసు నుంచి వచ్చి, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ కంజీ అక్షరాల్ని ముగ్గులు నేర్చుకున్నట్టు దిద్దుకుంటూ ఉండేది. "ఇది గేటు అక్కా, గేటు లోపల చెవి పెడితే వినడం" అని చూపించేది.

హాస్టల్ నెట్‌వర్క్‌లో ఎవరెవరో పెట్టిన సినిమాలు ఉండేవి. ఆ అబ్బాయిల ఫోల్డర్లలోంచి ఆమెకు మాక్రాస్ సినిమా దొరికింది. ఏ దేశంలోనో ఎవరో అభిమానులు జీతం లేకుండా, పేరు లేకుండా చేసిన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో వచ్చిన కాపీ అది. మా గదిలో చూడటానికి చేరిన పదిమందిలో నలుగురికి ఆ వేగంలో ఇంగ్లీషు చదవడం కష్టమయ్యేది. సగం సినిమా అయ్యేసరికి ఒకమ్మాయి, "మీరు చూడండే, నాకు నిద్రొస్తోంది" అని లేచి వెళ్ళిపోయింది. ఆమెకు నిద్ర రావడం లేదని మా అందరికీ తెలుసు.

మర్నాటి నుంచి నా రూమ్మేట్ తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులోంచి కాదు, జపనీస్ వింటూ. అర్థం కాని చోట ఇంగ్లీషు చూసేది. ఒక్కొక్క మాట ఎప్పుడు తెర మీదికి రావాలి, ఎప్పుడు పోవాలి అన్నది సెకన్లలో కొట్టుకుంటూ రావాలి. వినడం, ఆపడం, వెనక్కి పోవడం, మళ్ళీ వినడం. నాకు నిద్రాభంగం కాకుండా ల్యాప్‌టాప్ మీద దుప్పటి కప్పుకునేది. దుప్పటి లోంచి నీలం వెలుగు వచ్చేది. ఇంచుమించు రెండు నెలలు పట్టింది. మధ్యలో సెమిస్టర్ పరీక్షల్లో ఒక పేపరు పోయింది. "ఎవరడిగారే నిన్ను?" అని నేనే కోప్పడ్డాను.

అనువాదం గురించి నేను క్లాసులో నేర్చుకున్నదానికంటే ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నది ఎక్కువ. చివరి సన్నివేశంలో ఆ పాట ఎలాంటిదో చెప్పే మాట దగ్గర ఆమె వారం రోజులు ఆగిపోయింది. మొదట 'సాధారణమైన ప్రేమగీతం' అని పెట్టింది. "ఇది రేడియో వార్తల్లాగ ఉందక్కా" అని కొట్టేసింది. ఒక రాత్రి మెస్సులో కంచం కడుక్కుంటూ, "మామూలు పాటే. అంతే. ఆ 'ఏ'లోనే ఉంది మొత్తం" అంది. నిజమే. ఆ ఒక్క అచ్చులో ఆశ్చర్యం, ఊరట, కొంచెం నవ్వు అన్నీ ఉన్నాయి. తనకు నమ్మకం లేని చోట్ల బ్రాకెట్లు పెట్టి 'ఈ మాట నాకు సరిగ్గా రాలేదు' అని తెర మీదే రాసింది. సినిమా నడుస్తుంటే, అంతరిక్ష యుద్ధం మధ్యలో, ఆ వాక్యం వచ్చేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది గాని తీసేది కాదు.

ఆ తెలుగు ఫైలుతో రెండోసారి సినిమా వేసుకున్నాం. కొన్ని చోట్ల వత్తులు విడిపోయి కనబడ్డాయి. నిద్రొస్తోందని వెళ్ళిపోయిన అమ్మాయి చివరిదాకా కూర్చుంది. ఆ అమ్మాయి ఏడ్చింది కూడా.

*

ఇక నా సంగతి. 2013లో నేను ఒక సెమినార్‌లో 'యుద్ధకథల్లో పాడే స్త్రీ' అనే పత్రం చదివాను. అందులో మాక్రాస్ సినిమాలోని సంభాషణలు పది దాకా తెలుగులో ఉదహరించాను. అన్నీ ఆమె ఫైలులోవే. పత్రం సంకలనంలో వేస్తామన్నప్పుడు పాదసూచిక రాయవలసి వచ్చింది. ఏమని రాయాలి? అధికారికంగా మన దేశంలో విడుదల కాని సినిమా. అనుమతి లేని కాపీ. దానికి అనుమతి లేని అనువాదం. దాన్ని పేర్కొంటే నేను దాన్ని ఎలా చూశానో చెప్పినట్టవుతుంది. ఆమె పేరు రాస్తే ఆమెను ఇరికించినట్టవుతుంది. ఇలా అన్నీ ఆలోచించి, 'అనువాదం నాది' అని రాశాను. రెండు మాటలు. బ్రాకెట్లలో ఉన్న ఆమె సందేహాలు తీసేశాను, పత్రానికి నిండుదనం రావాలి కదా. సెమినార్‌లో ఒక పెద్దావిడ నన్ను దగ్గరికి పిలిచి, "ఆ 'మామూలు పాటే' అన్నది ఎంత బాగా పట్టుకున్నావమ్మా" అని మెచ్చుకున్నారు. నేను "థాంక్స్ మేడమ్" అన్నాను.

నా డాక్టరేట్ ఏ అంశం మీదో చెప్తే మీకు నవ్వు రావచ్చు. తెలుగులో స్త్రీల పాటల సేకరణల మీద. దంపుళ్ళ పాటలు, మంగళహారతులు, పెళ్ళిపాటలు సేకరించినవారి పేర్లు అట్టల మీద ఉంటాయి, పాడిన స్త్రీల పేర్లు లోపల ఎక్కడా ఉండవు, ఉన్నా 'ఒక ముసలమ్మ' అని ఉంటుంది, ఇది పితృస్వామ్య జ్ఞానవ్యవస్థ స్త్రీల శ్రమను మింగేసే పద్ధతి అని ఒక అధ్యాయం నిండా వాదించాను. అదే గ్రంథంలో, మరో అధ్యాయంలో, మాక్రాస్ ప్రస్తావన ఉంది. కింద పాదసూచిక ఉంది. 'అనువాదం నాది.'

ఇది మతిమరుపు కాదు. ఆలోచించి చేసిన పని. అందుకే దీన్ని నైతిక ప్రశ్నగా విప్పి చూడాలనిపిస్తోంది. నేను నాకు చెప్పుకున్న సమాధానం ఇది: ఆమె అనువాదానికి చట్టం దృష్టిలో ఉనికి లేదు. ఉనికి లేనిదాన్ని ఎలా ఉటంకిస్తాం? వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అందులోని మోసం ఇది. ఆమె పని చట్టవిరుద్ధమైతే నాకు దాన్ని వాడుకునే హక్కు అసలే లేదు. వాడుకోదగ్గదైతే ఆమె పేరు చెప్పవలసిందే. నేను చట్టాన్ని ఒక పక్కే పట్టుకున్నాను. పేరు చెప్పవలసి వచ్చినప్పుడు అది దొంగ సరుకు. మెప్పు అందుకోవలసి వచ్చినప్పుడు నా సరుకు. దొంగిలించిన వస్తువును దొంగ దగ్గర కొట్టేస్తే అడిగేవాళ్ళుండరన్న ధైర్యం ఇది.

స్త్రీల శ్రమ విషయంలో ఈ తర్కం కొత్తది కాదు. ఇంట్లో చేసే పనికి లెక్క లేదు కాబట్టి విలువ లేదంటారు. విలువ లేదు కాబట్టి లెక్కపెట్టనక్కర్లేదంటారు. 'గుర్తింపు లేని పని' అంటూ మనం వ్యాసాల్లో రాస్తాం. ఆ గుర్తింపు ఇవ్వవలసినవాళ్ళు ఎక్కడో ప్రభుత్వంలోనో, కుటుంబంలోనో ఉన్నారనుకుంటాం. నా విషయంలో ఆ స్థానంలో ఉన్నది నేను.

*

అయితే అనుమతి లేకుండా చూడటం, పంచుకోవడం ఒప్పేనా? ఈ ప్రశ్నను దాటేస్తే నా ఒప్పుకోలు సగమే అవుతుంది. కథ చేసినవాళ్ళకు హక్కు ఉంటుంది. తమ పని ఎక్కడ, ఏ రూపంలో వెళ్ళాలో చెప్పే హక్కు కూడా అందులో భాగమే. రోబోటెక్‌లో మిన్మే పాటలు మార్చినందుకు బాధపడే నేను, సృష్టికర్తలకు ఆ హక్కు లేదని ఎలా అనగలను? మేము ఆ సినిమాకు పైసా ఇవ్వలేదు. ఇచ్చే దారి లేదన్నది నిజం. దారి ఉంటే ఇచ్చి ఉండేవాళ్ళమా అంటే, హాస్టల్ మెస్సు బిల్లుకే అప్పు చేసే రోజుల్లో, నిజాయితీగా అవునని చెప్పలేను.

కానీ హక్కుదారులూ పనిచేసినవాళ్ళూ ఒకటి కారన్నది కూడా మరవకూడదు. ఆ రోజుల్లో యానిమేషన్ అంటే పారదర్శక పలకల మీద ఒక్కో బొమ్మకూ చేత్తో రంగు వేయడం. జపాన్‌లో ఆ రంగులు వేసే పనిలో ఎక్కువమంది స్త్రీలు. కొందరు గృహిణులు ఇంటికి తెచ్చుకుని, బొమ్మకింత అని తీసుకునేవారు. మన జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టినట్టు. మిన్మే గౌనుకు రంగు వేసిన చెయ్యి ఎవరిదో ఏ కోర్టు తీర్పులోనూ ప్రశ్న కాలేదు. ఆ చెయ్యి కోర్టుకు వెళ్ళలేదు. అంటే ఈ కథ తొలి అంచున పేరు లేని స్త్రీలు ఉన్నారు. తుది అంచున, దుప్పటి కింద, ఇంకొక పేరు లేని స్త్రీ ఉంది. మధ్యలో ఇరవై ఏళ్ళు ఎవరిది ఎవరిదని తగవు పడినవాళ్ళు వేరు.

దీని వల్ల మా దొంగచాటు చూపు ఒప్పయిపోదు. నేను చెప్పదలచింది వేరే. హక్కు ఒకటి, ఋణం ఒకటి. హక్కుల తగవు కాగితాల మీద తీరుతుంది. 2021లో తీరింది కూడా, మంచిదే. ఒప్పందంలో చూసినవాళ్ళకూ, మోసుకొచ్చినవాళ్ళకూ చోటు లేదని నేను ఫిర్యాదు చేయడం లేదు. ఉండటానికి అది ఆస్తి పత్రం. కానీ ఋణం ఆస్తి పత్రాల్లో ఉండదు. ఒక పని నా దాకా ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వాళ్ళను చెప్పడం నా బాధ్యత. ఆ చేతులకు అనుమతి ఉందా లేదా అన్నది వాళ్ళకూ యజమానికీ మధ్య ప్రశ్న. నాకూ వాళ్ళకూ మధ్య ప్రశ్న మాత్రం ఒకటే: తీసుకున్నానా, లేదా? తీసుకున్నాను.

అధికారిక విడుదల రావడంతో నాకు సిగ్గు ఎందుకు వేసిందో ఇప్పుడు చెప్పగలను. ఆ కథకు చట్టబద్ధమైన రూపం ఏర్పడగానే మా గదిలో జరిగినది ఇక అక్కర్లేని పాత జ్ఞాపకంగా మారిపోతుంది. మంచి సబ్‌టైటిల్స్ వచ్చాక పాత కాపీల్ని ఎవరు దాచుకుంటారు? ఆమె పని ఉందనడానికి సాక్ష్యం నేనే. ఆ సాక్ష్యాన్ని నేనే 'నాది' అని మింగేశాను. పైగా 'ప్రపంచమంతటికీ' అన్న మాట నాకు ఇప్పుడు కొంచెం అనుమానంగా వినబడుతోంది. నిద్రొస్తోందని లేచి వెళ్ళిన అమ్మాయి ప్రపంచంలో ఉన్నట్టా, లేనట్టా? ఆమెను తిరిగి గదిలోకి తెచ్చింది ఏ కంపెనీ కాదు.

*

ఆ మెసేజ్ వచ్చిన కొన్ని వారాలకు నా రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. శ్రీసిటీ వైపు ఒక జపాన్ కంపెనీ ఫ్యాక్టరీలో ఆమె ఇప్పుడు దుబాసీ. ఇద్దరు పిల్లలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాట్లాడుకుంటాం. మాక్రాస్ వచ్చిందని చెప్తే, "అవునా! మరి ఇన్నేళ్ళకా" అని నవ్వింది. తర్వాత నేను నా పాదసూచిక గురించి చెప్పాను. సెమినార్, సంకలనం, సిద్ధాంత గ్రంథం, మెచ్చుకున్న పెద్దావిడ, అన్నీ. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక కుక్కర్ విజిల్ వినబడింది.

"నాకు తెలుసక్కా" అంది చివరికి. "నీ బుక్కు నువ్వే పంపినవు కదా. చదివిన."

నా నోట మాట రాలేదు. "మరి అడగలేదేం?" అన్నాను. అడగవలసిన ప్రశ్న అది కాదని అంటుండగానే తెలిసింది.

"ఏమని అడగాలె? నేను చేసింది కూడా చెప్పుకునే పని కాదు కదా. చెప్పుకోలేని పనికి ఎవరిని ఏం అడుగుతం?" అంది. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తర్వాత అంది, "ఒకటి మాత్రం అనిపించింది. ఆ బ్రాకెట్లు ఎందుకు తీసినవ్? నాకు రాలేదని నేను రాసుకున్నది కూడా నాదే కదా."

సంకలనం రెండో ముద్రణకు వెళ్తోంది. పాదసూచిక మార్చమని సంపాదకులకు రాస్తాను, నీ పేరు వేయిస్తాను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. తను పనిచేసేది జపాన్ కంపెనీలో, అనుమతి లేని కాపీకి అనువాదం చేసిన మనిషిగా పేరు అచ్చులో ఉండటం తనకు వద్దంది. "నీకు బరువు దిగాలని నాకు తిప్పలు తేకు" అంది. న్యాయమే. ఋణం తీర్చడం కూడా నాకు అనుకూలంగా జరగాలనుకున్నాను, అంతే తేడా. పేరు చెప్పకపోతే చెరిపేసినట్టు, చెప్తే ఇరికించినట్టు. పేరు పెట్టడమే న్యాయమని నా గ్రంథంలో ఎంత తేలిగ్గా రాశానో గుర్తొచ్చింది. పాడినవాళ్ళను అడగకుండా పేరు అచ్చు వేయడం కూడా వాళ్ళ తరఫున మనం తీసుకునే నిర్ణయమేనని అప్పుడు నాకు తోచలేదు. 'ఒక ముసలమ్మ' అన్న మాట వెనక, సేకరించినవారి నిర్లక్ష్యం చాలావరకు ఉంటుంది. ఎక్కడో ఒకటీ అరా చోట, "నా పేరు రాయకు నాయనా" అన్న ఒక ముసలమ్మ కూడా ఉండి ఉండవచ్చు.

చివరికి ఒక దారి ఆమే చెప్పింది. "రూమ్ నంబరు వెయ్యి. మనకు తెలిస్తే చాలు." అలాగే సంపాదకులకు రాశాను. కొత్త ముద్రణలో 'అనువాదం: రూమ్ నంబర్ 214' అని ఉంటుంది. ఉదహరించిన పది మాటల్లో మూడింటి పక్కన బ్రాకెట్లలో 'ఈ మాట నాకు సరిగ్గా రాలేదు' అని ఉంటుంది. అచ్చుతప్పు అనుకుని ప్రూఫులు దిద్దేవారు రెండుసార్లు తీసేస్తే రెండుసార్లూ తిరిగి పెట్టించాను.

సిద్ధాంత గ్రంథాన్ని మార్చడం కుదరలేదు. సమర్పించి, పట్టా తీసుకున్నాక అందులో అక్షరం మార్చడానికి వీల్లేదు. గ్రంథాలయంలో నల్ల అట్టతో ఉన్న ఆ ప్రతిలో 'అనువాదం నాది' అని ఇప్పటికీ ఉంది, ఇక ముందూ ఉంటుంది. స్త్రీల పాటల మీద పనిచేయబోయే అమ్మాయిలు ఎవరైనా దాన్ని తీసి చదివితే, ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడు ఈ వ్యాసం కూడా వాళ్ళ కంటపడాలని నా కోరిక.